మీది ఎవరి పార్టీ?

నరసరావుపేట: పల్నాడు పల్లెలోకి కొత్త మనిషి వస్తే మొదట అడిగేది "ఏ ఊరు?" అని. రెండోది "ఎవరి తాలూకు?" అని. ఈ రెండో దానికి జవాబు వస్తే చాలు, మూడో ప్రశ్నతో పని లేదు. ఆయన పార్టీ ఏదో తేలిపోయినట్లే. ఆ మనిషి మనసులో ఏమున్నదని మాత్రం ఎవరూ అడగరు.

మాచర్ల, గురజాల, వినుకొండ, నరసరావుపేట ప్రాంతాల్లో "పార్టీ" అన్న మాటకు రెండర్థాలున్నాయి. పట్నంలో పార్టీ అంటే జెండా, గుర్తు, ఎన్నికల వాగ్దానాలు. పల్లెలో పార్టీ అంటే మనుషులు. ఒక పెద్ద ఇల్లు, దాని చుట్టూ అల్లుకున్న చుట్టరికాలు, కౌళ్లు, చేబదుళ్లు, పెళ్లి పిలుపులు, పాత కేసులు. "మాది ఫలానా వారి పార్టీ" అంటారే గాని, "మాది ఫలానా సిద్ధాంతం" అనే మాట రచ్చబండ దగ్గర వినిపించదు. కాడెద్దుల గుర్తు పోయి ఆవూ దూడా వచ్చింది. ఆవూ దూడా పోయి హస్తం వచ్చింది. ఆపైన సైకిలు, ఆ తర్వాత ఫ్యాను వచ్చాయి. చాలా ఊళ్లలో గోడ మీద రంగు మారింది గాని గోడ మారలేదు.

అలాగని నమ్మకాన్ని బట్టి దారి ఎంచుకున్నవారు ఈ సీమలో లేరనడం పొరపాటు. ఉన్నారు. అందుకు వారు ఇచ్చుకున్న ఖరీదూ ఉంది.

పుల్లరి నాటి మాట

పల్నాడు గురించి ఎవరు ఉపన్యాసం మొదలుపెట్టినా బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల దగ్గరే ఎత్తుకుంటారు. 12వ శతాబ్దపు యుద్ధాన్ని ప్రతి ఎన్నికలకూ తెచ్చి అతికించడం నాయకులకు అలవాటైపోయింది. దాన్ని కాసేపు పక్కన పెడదాం. అంతకన్నా దగ్గరిది 1921–22 నాటి పుల్లరి పోరాటం.

అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టవలసిన పన్నే పుల్లరి. వర్షం మీద ఆధారపడిన ఆనాటి పల్నాడులో పైరు కన్నా పశువే రైతుకు దిక్కు. పుల్లరి కట్టకూడదని ఊళ్లు తీర్మానించుకున్నాయి. ఆ ఊళ్లకు ముందు నిలిచినవాడు మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు. 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకీ గుండ్లకు ఆయన బలయ్యాడు. చౌరీచౌరా ఘటనతో గాంధీజీ సహాయ నిరాకరణను ఆపివేసింది కూడా ఆ నెలలోనే. ఢిల్లీలోనో అహమ్మదాబాదులోనో ఏ నిర్ణయం జరిగిందన్నది పల్లెకు చేరడానికి ఎంత కాలం పట్టేదో ఊహించుకోవచ్చు. పుల్లరి కట్టనన్న రైతుకు పార్టీ సభ్యత్వ రసీదు ఉన్నదా లేదా అన్నది లెక్కలోకి రాలేదు. దొడ్లో పశువులు ఉంటాయా పోతాయా అన్నదే లెక్క. అప్పుడు నమ్మకం, కడుపు ఒకే వైపు నిలబడ్డాయి. ఆ తర్వాత అవి రెండూ ఒకే వైపు నిలబడడం అరుదైపోయింది.

జెండా లేని ఎమ్మెల్యే

పార్టీ లేకుండా రాజకీయం చేయవచ్చా అని అడిగే కుర్రవాళ్లకు ఈ జిల్లాలో చూపడానికి ఒక మనిషి ఉన్నారు. సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య. 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలోనే పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లారు. గ్రంథాలయోద్యమంలో తిరిగారు. విశాలాంధ్ర కావాలన్నారు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. పెద్ద పార్టీల హోరు సాగుతున్న రోజుల్లోనే స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు.

గాంధీని నమ్మి ఖద్దరు కట్టినా, అదే ఖద్దరు కట్టిన ప్రభుత్వాన్ని సభలో నిలదీయడానికి ఆయన సంకోచించలేదు. నమ్మకం ఒకటి, పార్టీ ఒకటి అని చెప్పడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు. గాంధీని నమ్మినవాడు కాంగ్రెసులోనే ఉండాలని లేదు, పేదవాడి పక్షం పట్టినవాడు కమ్యూనిస్టు కార్డు తీసుకోవాలనీ లేదు. తెలుగును పాలనలోకి తేవాలని అధికార భాషా సంఘం అధ్యక్షుడిగా కృషి చేశారు. మద్యపానానికి వ్యతిరేకంగా ముదిమిలోనూ ఊరూరా తిరిగారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2003 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు అటువంటి మనిషి నిలబడితే గెలుస్తాడా? గెలవడనే చెప్పాలి. ఆనాడు ఊళ్లు మంచివి, ఈనాడు చెడ్డవి అని కాదు. ఆనాడు ఎమ్మెల్యే అంటే ఊరి తరఫున హైదరాబాదులో మాట్లాడేవాడు. ఆ తర్వాత పింఛను, ఇంటి స్థలం, రోడ్డు కాంట్రాక్టు, పోలీసు స్టేషను, కాల్వ నీరు, అన్నీ ఎమ్మెల్యే ఇంటి గుమ్మం చుట్టూ తిరగడం మొదలైంది. పార్టీ లేని ఎమ్మెల్యే మాట ఆఫీసుల్లో చెల్లదనే భయం ఓటరుకు పట్టుకుంది. ఆ భయం పూర్తిగా ఉత్తిదని కూడా అనలేం.

నాయకుడికే వచ్చిన చిక్కు

ఏ పార్టీలో ఉండాలన్న చిక్కు ఓటరుకే కాదు, ఈ సీమ నుంచి ముఖ్యమంత్రి అయిన వ్యక్తికీ వచ్చింది. నరసరావుపేట ప్రాంతానికి చెందిన కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 దాకా రాష్ట్రాన్ని ఏలారు. ఆయన హయాంలోనే, 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదిలారు. కుడికాల్వ నీరు పారిన చోటల్లా కాంగ్రెసుకు ఓటు పారింది. జొన్న చేలు వరి మళ్లయిన రైతుకు ఆ పార్టీ మీద గురి కుదరడం సహజమే. దానిని వర్గ రాజకీయమని కొట్టిపారేయడానికి లేదు. కళ్లెదుట చూసినదాన్ని నమ్మడం కూడా నమ్మకమే.

1977లో ఓడిన కాంగ్రెసుకు అఖిల భారత అధ్యక్షుడైంది ఈయనే. 1978 జనవరిలో పార్టీ చీలింది. ఇందిరాగాంధీ ఒక వైపు, బ్రహ్మానందరెడ్డి మరో వైపు. ఆయన పక్షానికి రెడ్డి కాంగ్రెసని పేరు పడింది. ఫిబ్రవరిలోనే శాసనసభ ఎన్నికలు వచ్చిపడ్డాయి. నరసరావుపేట చుట్టుపక్కల కాంగ్రెసు వారికి అదొక పరీక్ష. ఊరి పెద్ద బ్రహ్మానందరెడ్డి, ఊరి ఆడవాళ్లందరికీ తెలిసిన పేరు ఇందిరమ్మ. ఎటు పోవాలి? 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెసుకు 175 వచ్చాయి. రెడ్డి కాంగ్రెసు 30 దగ్గర ఆగింది. 1980 వచ్చేసరికి బ్రహ్మానందరెడ్డి తిరిగి ఇందిరమ్మ గూటికే చేరి నరసరావుపేట లోక్‌సభ స్థానం నుంచి గెలిచారు.

పెద్దలు విడిపోయినంత తేలికగా కలిసిపోయారు. వారి కోసం ఊళ్లో మాటా మాటా అనుకుని, తూము దగ్గర నీటి వంతు కోసం లస్కరు ముందు చొక్కాలు పట్టుకున్నవారి సంగతి వేరు. ఆ పలకరింపులు తిరిగి కలవడానికి కొన్నిళ్లలో ఓ తరం పట్టింది.

కమ్యూనిస్టులకు ఇటువంటి కష్టం ఇంకా ముందే, 1964లో వచ్చింది. పార్టీని చీల్చిన వాదనలు చైనా, రష్యాల మీద. వాటి మీద ఆ జూలైలో తెనాలిలో పెద్ద సదస్సు జరిగింది. ఆ తర్వాత ఒకరిది కంకి కొడవలి, ఒకరిది సుత్తి కొడవలి నక్షత్రం అయింది. ఒకే పందిరి కింద క్లాసులు విన్నవారు రెండుగా విడిపోయారు. ఒక్కటి మాత్రం వారికి ఇవ్వాలి: వారు విడిపోయింది కౌలు కోసమో కాంట్రాక్టు కోసమో కాదు. చదివి, వాదించి విడిపోయారు. అది మంచికా చెడుకా అన్నది వేరే సంగతి.

తండ్రిది హస్తం, కొడుకుది సైకిలు

1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఇంటి పార్టీని ఇంట్లోవాళ్లే కాదనడం పల్నాడు పల్లెల్లో పెద్ద ఎత్తున కానవచ్చింది అప్పుడే. తండ్రి అరుగు మీద కూర్చుని హస్తం అంటుంటే, కొడుకు పసుపు చొక్కా తొడుక్కుని ప్రచార వ్యాను వెనకాల పోయాడు. నరసరావుపేటలో ఆపరేషన్లు చేసే డాక్టరు కోడెల శివప్రసాదరావు ఆ ఎన్నికల్లోనే కొత్త పార్టీ తరఫున నిలిచి గెలిచారు. 1999 దాకా వరుసగా అయిదుసార్లు అక్కడ ఆయనదే గెలుపు.

ఆ రోజుల్లో ఎటు ఉండాలన్నదానికి సొంత కారణాలు ఉండేవి. కిలో రెండు రూపాయల బియ్యం చూసి వచ్చినవారు ఒకరు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయితే, ఆ ఇళ్లవారు మళ్లీ సైకిలు వంక చూడలేదు. అదే కరణం చేత భూమి లెక్కల్లో చిక్కులు పడిన రైతు మాత్రం అందుకే సైకిలు ఎక్కాడు. ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు చట్టం వచ్చినప్పుడు ఒకే ఇంట్లో తల్లి ఒక రకంగా, కొడుకు ఒక రకంగా తలపోశారు. ఇవన్నీ నమ్మకాలే. పుస్తకాల్లో దొరకవు గాని, మనిషి బతుకులోంచి వచ్చినవి.

కానీ పదేళ్లు గడిచేసరికి సైకిలు కూడా ఊరి పాత గోడకే ఆనుకుంది. హస్తం ఒక వీధి, సైకిలు ఒక వీధి. ఆనాడు తండ్రిని ఎదిరించిన కొడుకులే తండ్రులై, తమ కొడుకులు పార్టీ మారితే ఒప్పుకోని స్థితికి వచ్చారు.

పుట్టింటి పార్టీ, మెట్టినింటి పార్టీ

దీన్ని ఎక్కువగా అనుభవించేది ఆడవాళ్లు. వారి గోడు సభల్లోకి రాదు గనుక పేపర్లలోకీ రాదు. సంబంధం చూసేటప్పుడు పొలం, చదువు, కులంతో పాటు "వాళ్లది ఏ పార్టీ?" అని విచారించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఒక పార్టీ ఇంట్లో పుట్టి మరో పార్టీ ఇంట మెట్టిన కోడలికి ఎన్నికల నెలంతా కత్తి మీద సామే. అన్న ప్రచారానికి వస్తే గుమ్మంలోకి వచ్చి పలకరించాలా, వంటింట్లోనే ఉండిపోవాలా అన్నది కూడా ఆలోచించుకోవాలి. పల్నాటి కథలో అలరాజు మలిదేవుల తరఫున రాయబారానికి వెళ్లినవాడు. అవతలి నలగామరాజుకు స్వయానా అల్లుడు. విషప్రయోగానికి అలరాజు చనిపోతే, భర్తను పోగొట్టుకున్నది పేరిందేవి. బ్రహ్మనాయుడు, నాగమ్మల పేర్లు ఎత్తే ఉపన్యాసకులు ఈమె పేరు ఎత్తరు.

ఆ కోడలికి కూడా ఒక చోటుంది. పోలింగు బూత్‌లో అట్టముక్క చాటు. అక్కడ అత్తగారు ఉండదు, ఆడబిడ్డ ఉండదు. ఎవరికి ఓటు వేశావో చెప్పమని కోర్టు సైతం బలవంతం చేయరాదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 94వ సెక్షను చెబుతున్నది. ఎడమ చేతి వేలి మీద సిరా చుక్క ఓటు వేసినట్లు చెబుతుంది గాని ఎవరికి వేసినదీ చెప్పదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఎవరూ వద్దన్న మీట కూడా వచ్చింది. ఎవరూ నచ్చని మనిషి దాన్నయినా నొక్కుకోవచ్చు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. కాగితం ఓట్ల రోజుల్లో చాలాకాలం పలు బూత్‌ల కాగితాలను కలగలిపి లెక్కించేవారు. ఏ ఊరు ఎటు వేసిందో తేల్చి చెప్పడం కష్టంగా ఉండేది. 2004 సార్వత్రిక ఎన్నికలకు దేశమంతా ఓటింగు మిషన్లు వచ్చాయి. మిషను ఏ బూత్‌కు ఆ బూత్ లెక్క విడిగా చెబుతుంది. నాలుగైదు వందల ఓట్లున్న చిన్న పల్లెలో ఏ వీధి మాట తప్పిందో ఫలితాల నాటి సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర లెక్క కట్టేస్తున్నారు. అందుకే పలు మిషన్ల ఓట్లను కలిపి లెక్కించే ఏర్పాటు కావాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో లా కమిషనూ బలపరిచింది. అది అమలుకు రాలేదు. పల్నాడు లాంటి చోట ఇది ఎంత పెద్ద విషయమో ఢిల్లీలో కూర్చున్నవారికి అర్థమయ్యేట్లు చెప్పగలవారు కావాలి.

కండువా ఒక పూటలో మారుతుంది

2019లో నరసరావుపేట లోక్‌సభ స్థానం కిందనున్న ఏడు అసెంబ్లీ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెసు గెలిచింది. 2024లో అవే ఏడు స్థానాలూ తెలుగుదేశం గెలిచింది. ఈ రెండు ఎన్నికల్లోనూ ఇక్కడి ఎంపీ ఒకరే. లావు శ్రీకృష్ణదేవరాయలు 2019లో ఫ్యాను గుర్తు మీద, 2024లో సైకిలు గుర్తు మీద గెలిచారు. కాంగ్రెసు తరఫున పెదకూరపాడు నుంచి పలుమార్లు గెలిచి మంత్రి అయిన కన్నా లక్ష్మీనారాయణ, ఆ తర్వాత భారతీయ జనతా పార్టీ రాష్ట్ర అధ్యక్షుడై, 2023లో తెలుగుదేశంలో చేరి, మరుసటేడు సత్తెనపల్లిలో గెలిచారు. అంతకు ముందు 2012 ఉప ఎన్నికలో మాచర్ల ఎమ్మెల్యే హస్తం నుంచి ఫ్యానుకు మారి గెలిచారు. మారే హక్కు వారికి ఉంది. ఎన్నికైన వారు పదవిలో ఉండగా మారకుండా 1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చారు. ఎన్నికల ముందు మారితే ఆ చట్టం అడ్డు రాదు.

కార్యకర్త సంగతి వేరు. నాయకుడు ఉదయం విజయవాడలోనో హైదరాబాదులోనో కండువా మార్చుకుంటే, కార్యకర్త సాయంత్రం అదే వీధిలో, నిన్నటిదాకా ఎవరిని తిట్టాడో వారి పక్కనే నిలబడి జేజేలు కొట్టాలి. కొట్టనంటే "మనోడు కాదు" అంటారు. పాత జెండానే పట్టుకున్న మనిషిని నాయకుడు మరచిపోతాడు. అవతలివాళ్లు మాత్రం మరవరు. ఫిరాయింపుల చట్టం ఎమ్మెల్యేకే గాని కార్యకర్తకు లేదు. వాడికి ఉన్నది ఊరి కట్టుబాటు. చట్టానికి అప్పీలు ఉంది, కట్టుబాటుకు లేదు.

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరగాలన్నది చట్టం. సర్పంచికి ఇచ్చేవి వేరే గుర్తులు. అయినా నామినేషను వేసిన రోజే ఫలానా గుర్తు ఫలానా పార్టీదని పసిపిల్లవాడు కూడా చెబుతాడు. 2021 పురపాలక ఎన్నికల్లో మాచర్లలో అన్ని వార్డులూ పోటీ లేకుండానే అధికార పక్షానికి దక్కాయి. పోటీయే లేనప్పుడు ఓటరు నమ్మకానికి పనేముంది?

ఓడిన పార్టీ వారు ఊరు విడవడం ఈ సీమకు పట్టిన పీడ. 2019 ఎన్నికల తర్వాత పల్నాడు ఊళ్ల నుంచి తమ కుటుంబాలను తరిమేశారంటూ తెలుగుదేశం గుంటూరులో శిబిరం నడిపింది. సెప్టెంబరు 11న "ఛలో ఆత్మకూరు" పిలుపు ఇస్తే పోలీసులు నాయకులను ఇళ్లలోనే నిలిపేశారు. అంతకు ముందు బాధలు పడ్డది తమవారేనని వైఎస్సార్ కాంగ్రెసు బదులు చెప్పింది. 2024 మే 13న పోలింగు నాడు, ఆ తర్వాత మాచర్ల, గురజాల, నరసరావుపేటల్లో గొడవలు చెలరేగాయి. ఎన్నికల సంఘం జిల్లా కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండు చేసింది. ఫలితాలు వచ్చాక ఊళ్లు విడిచామన్న మాట ఈసారి అవతలి పక్షం నుంచి వచ్చింది. రెండుసార్లూ వెళ్లినవారు నాయకులు కారు. మిరపకు మందు కొట్టే అదనులో, బడి పిల్లలతో సహా చుట్టాల ఇళ్లకు చేరిన చిన్న రైతులు, కౌలుదార్లు, కూలీలు. వారిలో ఎందరు ఆ పార్టీని నమ్మి అందులో ఉన్నారో, ఎందరు ఆ వీధిలో పుట్టినందున ఉన్నారో తేల్చే లెక్క ఎవరి దగ్గరా లేదు.

సభ్యత్వ రసీదుతోనూ ఇది తేలదు. తెలుగుదేశం సభ్యత్వం 100 రూపాయలు, దానికి ప్రమాద బీమా జత. బీమా కోసం కార్డు తీసుకునే కూలీ ఉన్నాడు. కార్డు లేకుండా ముప్పయి ఏళ్లుగా జెండా కట్టే ముసలాయనా ఉన్నాడు. ఇక ప్రభుత్వోద్యోగి ఏ పార్టీలోనూ చేరరాదని నిబంధన. ఊళ్లో బడిపంతులికి మాత్రం పార్టీ అంటగట్టని ఊరు అరుదు. ఆయన ఏ అరుగు మీద కాఫీ తాగాడో చూసి నిర్ణయించేస్తారు.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు. మందపోరు నాడు నాగులేరు ఒడ్డు ఊళ్ల నుంచి, దూరపు ఊళ్ల నుంచి వచ్చినవారు కులం అడక్కుండా వరుసగా కూర్చుని చాపకూడు తింటారు. బ్రహ్మనాయుడు పెట్టిన ఆనవాయితీ అది. ఆ వరుసలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు ఏ పార్టీయో ఆ పూటకు ఎవరూ చూడరు. విస్తరి ఎత్తాక మళ్లీ ఎవరి జీపు వారిదే, ఎవరి వీధి వారిదే. మర్నాడు కోడిపోరు.